ఆపా దగ్గరున్న పాస్‌పోర్టు

పలెర్మో, ఇటలీ
ఆగస్టు 3, 2024

తమ్ముడు ఇస్సాక్‌కు, ఆపా సలాం.

మన యజమాని కఫీల్, మేడమ్, పిల్లలు, ఆయన తల్లి పెద్దావిడ, నేను, సెలవులకు బయల్దేరిన అందరం క్షేమంగా చేరాం. నాకు ఫోన్‌లో మాట సరిగా వినపడదు కాబట్టి ఎప్పటిలాగే కాగితం మీద రాసి ఫొటో తీసి పంపుతున్నాను. నువ్వూ అలాగే రాయి. వాయిస్ మెసేజీలు పంపితే నాకంటే పక్కవాళ్లే ఎక్కువ వింటారు.

ముందు తిండి సంగతి చెప్తాను, లేకపోతే నీకు ఉత్తరం చదివినట్టు ఉండదు. మేమున్న ఇల్లు ఒక పాత బజారు వెనక, మూడో అంతస్తులో. పొద్దున కిందికి దిగితే చేపలు, ఆలివ్ కాయలు, నా చేయి కంటే పొడుగు సొరకాయలు. సొర తీగ చివుళ్లు కూడా కట్టలు కట్టి అమ్ముతున్నారు. రాయచోటిలో బడి నుంచి వస్తూ కంచెల మీద నాగజెముడు పండ్లు కోసుకుని మూతులు ఎర్రగా చేసుకునేవాళ్లం కదా, ఆ పండ్లను ఇక్కడ ఐసు మీద పెట్టి దర్జాగా అమ్ముతున్నారు. మనం ముళ్లు గుచ్చుకుని తిన్నదానికి ఇక్కడ ఇంత మర్యాద.

నాకు అన్నిటికంటే నచ్చింది శనగపిండి బిళ్లలు. పిండిని నీళ్లలో ఉడికించి, కొత్తిమీర లాంటి ఆకు వేసి, పలుచగా పరిచి ఆరబెట్టి, కోసి నూనెలో వేస్తారు. నువ్వులద్దిన రొట్టెలో పెట్టి నిమ్మకాయ పిండి ఇస్తారు. కారం ఉండదు. నేను దమ్మామ్ నుంచి ఎండుకారం పొట్లం తెచ్చుకున్నాను కాబట్టి బతికిపోయాను.

పెద్దావిడ సంగతి నీకు తెలుసు. దమ్మామ్‌లోనే ఆమె నేను రుచి చూడనిది ముట్టదు. ఇక్కడ పంది మాంసం, సారాయి ఎందులో కలుస్తాయో తెలియక ఇంకా భయం. హోటల్లో ఏ పళ్లెం వచ్చినా కొడుకు వైపు కాదు, నా వైపు చూస్తోంది. నేను కూరగాయల అంగడి సుభాన్‌ను అడిగి చెప్తున్నాను. సుభాన్‌ది బంగ్లాదేశ్, హిందీ బాగా వచ్చు.

ఇంకో వింత. విమానాశ్రయంలో నువ్వు సామాను దించి వెళ్లాక కఫీల్ అందరికీ పాస్‌పోర్టులు పంచుతూ నాది నా చేతికే ఇచ్చాడు. ఇక్కడ దిగాక తిరిగి ఇవ్వబోతే పెద్దావిడ అడ్డుపడి, పోలీసులు అడిగితే నీ దగ్గరే ఉండాలి, ఉంచుకో అంది. సౌదీకి వచ్చిన రోజున ఇచ్చేసిన పుస్తకం ఇస్సాక్ అది. లోపల ఫొటోలో నా జుట్టు ఇంకా నల్లగా ఉంది. గుడ్డ సంచి కుట్టి మెడలో వేసుకున్నాను. నా పేరు నేనే తీసి చదువుకుంటున్నాను, నవ్వుకో.

ఫ్రీజర్‌లో పెట్టిన కూర డబ్బాలు వరసగా తిను. ముందు మాంసం అంతా లాగించి చివర పప్పు మిగిల్చుకోకు.

నీ ఆపా
సుగ్రా బేగం


దమ్మామ్
ఆగస్టు 5

ఆపాకు, ఇస్సాక్ సలాములు.

ఉత్తరం అందింది. నీ బిళ్లల గురించి చదివి ఆకలేసి ఒకేసారి రెండు డబ్బాలు కరిగించాను. మాంసం ఇప్పటికే అయిపోయింది, ముందే చెప్తున్నాను.

ఇక్కడ ఉక్కపోత. ఇంత పెద్ద ఇంట్లో నేను ఒక్కణ్ణే. రోజూ కార్లు స్టార్ట్ చేయడం, చెట్లకు నీళ్లు పెట్టడం, పిల్లులకు తిండి వేయడం, అంతే పని. ఇల్లు ఖాళీగా ఉంటే నాకు నిద్ర పట్టదు. ఏసీ బాగుచేసే భోజన్న వచ్చినప్పుడు మాత్రం ఒక మనిషి మొహం చూస్తున్నాను.

ఆపా, ఆ పాస్‌పోర్టు తిరిగి ఇచ్చెయ్. నువ్వు నవ్వుకోమన్నావు, నాకు నవ్వు రాలేదు. బావ పోయి నువ్వు దిక్కులేకుండా ఉన్నప్పుడు ఈ ఇంటి వంటకు నిన్ను పిలిపించింది నేను. నీ పూచీ నాదని ఆ రోజే కఫీల్ ముందు ఒప్పుకున్నాను. మొన్న విమానాశ్రయంలో నువ్వు పెద్దావిడ చేయి పట్టుకుని లోపలికి నడుస్తుంటే కఫీల్ వెనక్కి వచ్చి నా భుజం మీద చేయి వేసి నవ్వుతూ అన్నాడు, "ఇస్సాక్, మీ అక్క నీ మెడ మీద ఉంది, గుర్తుంచుకో" అని. అరబ్బులు పూచీ గురించి అలాగే అంటారు. నవ్వుతూనే అన్నాడు. నాకు మాత్రం అప్పటి నుంచి మెడ బరువుగానే ఉంది.

ఈ మాట భోజన్నతో చెప్పడం నాదే తప్పు. వాళ్ల క్యాంపు దగ్గర ఒకాయన మరదలిని కఫీల్ వాళ్లు లండన్ తీసుకెళ్తే అక్కడ ఆమె కనపడకుండా పోయిందట. ఆమె మీద హురూబ్ రాయించారు. పారిపోయిన పనివాళ్ల మీద రాసే కేసు సంగతి నీకు తెలిసిందే. ఆమె ఎక్కడో బాగానే ఉంది, ఇక్కడ ఆయన్ని మాత్రం నెలల తరబడి తిప్పి చివరికి ఇంటికి పంపేశారట. భోజన్న నట్టు బిగిస్తూ నా వైపు చూడకుండానే అన్నాడు. "గట్ల బోయినోళ్లు మల్ల రారు ఇస్సాక్ భాయ్. జామీనున్నోన్నే వట్టుకుంటరు." మా ఆపా అట్లాంటిది కాదు అన్నాను. ఆయన ఇంకో నట్టు అందుకున్నాడు.

నా ఇఖామా గడువు ఈ నెలాఖరుతో అయిపోతుంది, అది లేకపోతే ఈ దేశంలో ఉండనివ్వరు. కఫీల్ అక్కడి నుంచే ఫోన్‌లో కొత్తది చేస్తానన్నాడు, ఇంకా చేయలేదు. ఏమీ లేదులే, గుర్తొచ్చి రాశాను.

పాస్‌పోర్టు ఇచ్చేశానని ఒక్క ముక్క రాయి, చాలు.

తమ్ముడు
ఇస్సాక్


పలెర్మో
ఆగస్టు 9

నా పిరికి తమ్ముడికి,

చిన్నప్పుడు చెరుకు బండి వెనక వేలాడమంటే బండివాడు కొడతాడని ఏడ్చినవాడివి, ఇంకా అలాగే ఉన్నావు. కఫీల్‌కు లేని భయం నీకెందుకు? ఆయన పొద్దుపోయేదాకా పడుకుంటాడు, లేచి పిల్లల్ని సముద్రానికి తీసుకుపోతాడు. నా మెడలో సంచి ఉందో లేదో కూడా చూడడు. ఇఖామా నేను గుర్తు చేస్తానులే.

ఇప్పుడు రోజూ పొద్దున పెద్దావిడా నేనూ మాత్రమే బజారుకు వెళ్తున్నాం. ఆమె కూడా మనిషే అని నాకు ఈ ఊళ్లో తెలిసింది. దమ్మామ్‌లో మంచం మీద నుంచి దిగని మనిషి ఇక్కడ వంకాయల దగ్గర బేరమాడుతోంది. వంకాయను వేయించి, ఆలివ్ కాయలు, సిర్కా పులుపు, కాస్త చక్కెర వేసి చల్లగా తింటారు. మన పులుసుకూరకు దగ్గరగా ఉంది. ఆమె అరబ్బీలో ఉప్పు చాలలేదంటుంది, నేను తెలుగులో పులుపు చాలలేదంటాను, అంగడివాళ్లు వాళ్ల భాషలో మమ్మల్ని ఏమనుకుంటారో ఏమో.

అన్నం ఉండలు కూడా ఉన్నాయి, నారింజపండు అంత. లోపల మాంసం, బఠాణీ. వెన్న వేసినవి మంచివనుకుని పెద్దావిడకు ఇవ్వబోయాను. సుభాన్ పరుగున వచ్చి ఆపాడు, అందులో పంది మాంసం ముక్కలు కలుపుతారట. నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఆమె నా చేతిని నమ్మి నోరు తెరిచే మనిషి కదా.

శనగపిండి బిళ్లల అంగడామె పేరు రోజాలియా. నా వయసే ఉంటుంది. నిన్న నన్ను లోపలికి పిలిచి పిండి పరవమంది. నేను చేసి చూపిస్తే సుభాన్‌తో ఏదో అంది. ఇంత మంచి చేయి దొరకడం కష్టం, ఇక్కడే ఉండిపొమ్మని చెప్పు అందట. మేమంతా నవ్వాం. పెద్దావిడ మాత్రం నా కొంగు పట్టుకుంది, చిన్నపిల్లలు పట్టుకున్నట్టు.

ఆమెతో ఒక సంగతి మాట్లాడుతున్నాను. ఇప్పుడే అడగకు. తేలాక చెప్తాను. తేలితే ఇక్కడి నుంచి నేను వేరే మనిషినై వస్తాను.

ఇంత హాయిగా నేను ఎప్పుడు తిన్నానో గుర్తు లేదు ఇస్సాక్. ఒకరికి వడ్డించకుండా, వేడిగా ఉండగానే, కూర్చుని తింటున్నాను.

ఆపా


దమ్మామ్
ఆగస్టు 11

ఆపాకు సలాం.

నీ ఉత్తరం చాలాసార్లు చదివాను. పాస్‌పోర్టు ఇచ్చావని ఎక్కడా లేదు.

ఏం సంగతి మాట్లాడుతున్నావు? నాతో చెప్పకూడనిది మనకేముంటుంది? ఆ బంగ్లా మనిషి మాటలు వినకు. వాళ్లకు అక్కడ వంద దారులు తెలుసు. అంగడామె నవ్వుతూ అంటే నువ్వూ నవ్వావు, బాగుంది, కానీ అలాంటి మాటలు అందరి ముందు నవ్వే మాటలు కావు. పెద్దావిడ కొంగు పట్టుకుందంటే ఆమెకూ ఏదో తోచినట్టే కదా.

కఫీల్ ఆఫీసులో గుమాస్తా సర్దార్ ఫోన్ చేశాడు. మన హైదరాబాదు మనిషే. మీ అక్క ఊరి చిరునామా, మీ ఇంటి నంబరు చెప్పు అన్నాడు. ఎందుకన్నాను. కాగితాలు సరిచేస్తున్నాం అన్నాడు. ఇన్నేళ్లలో ఎప్పుడూ అడగని చిరునామా ఇప్పుడెందుకు? చెప్పాను. చెప్పాక ఫోన్ పట్టుకుని కారులోనే కూర్చున్నాను, ఇంజను ఆపడం కూడా మరిచిపోయాను.

నిన్ను అనుమానిస్తున్నానని అనుకోకు. ఒక్క మాట సూటిగా రాయి. అందరితో పాటే వస్తున్నావు కదా?

నాకు అక్కడి నుంచి ఏమీ తేవద్దు.

ఇస్సాక్


పలెర్మో
ఆగస్టు 13

ఇస్సాక్,

ఏమీ తేవద్దని అలిగి రాసినవాడికే ముందు తేవాలి. నీకు బాదంపప్పు మిఠాయి తీసుకున్నాను, పండ్ల ఆకారంలో చేసి రంగులు వేస్తారు. చూసినవాళ్లు నిజం పండని కొరుకుతారు. మరదలు ఖాలిదాకు ఊరికి పంపడానికి ఇంకో పెట్టె. ఆమెతో గొడవ పడ్డావా ఏమిటి? నీ ఉత్తరం నిండా చిరాకే. ఇంటి మీద బెంగ అయి ఉంటుంది, నాకు తెలుసు.

రాకుండా ఎక్కడికి పోతాను? పెద్దావిడ రోజుకోసారి అడుగుతుంది, నువ్వు రోజుకోసారి అడుగు. ఇద్దరికీ ఒకటే జవాబు.

సర్దార్ నంబరు ఎందుకు అడిగాడో నాకు కొంచెం తెలుసు. అది మంచికే. చెప్పను అన్నాను కదా.

ఎల్లుండి ఇక్కడ పెద్ద సెలవట, ఊరంతా మూసేస్తారట. రేపే కూరగాయలు తెచ్చిపెట్టుకోవాలి.

ఆపా


పలెర్మో
ఆగస్టు 15

ఇస్సాక్,

ఈరోజు చాలా భయపడ్డాను. రాత చూస్తే నీకే తెలుస్తుంది.

కఫీల్ వాళ్లు పిల్లల్ని తీసుకుని ఊరి బయటికి వెళ్లారు. పెద్దావిడకు ఇంట్లో తోచలేదు, నిమ్మకాయ ఐసు తిందాం పద అంది. దిగితే ఊరు ఊరంతా మూసి ఉంది. బజారులో ఒక్క బల్ల లేదు, మనిషి లేడు. తెరిచిన అంగడి దొరుకుతుందేమోనని సందులు తిరిగి తిరిగి దారి తప్పాం. తలుపులన్నీ ఒకలాగే ఉన్నాయి. ఎండకు ఆమె కళ్లు తిరిగి ఒక మెట్టు మీద కూలబడింది. పెదాలు తెల్లబడ్డాయి. నేను కనపడ్డ తలుపల్లా కొట్టాను. లోపలి నుంచి ఎవరైనా పలికినా నాకు వినపడదు కదా, అందుకని ప్రతి తలుపు ముందూ నిలబడి అది కదులుతుందా అని చూశాను. ఆమె అక్కడ పోతే నేను ఎవరికి ఏం జవాబు చెప్పాలి? ఆ మాట తప్ప ఇంకేదీ తోచలేదు.

అప్పుడు పైనుంచి తాడు కట్టిన బుట్ట దిగింది. అందులో నీళ్ల సీసా, రెండు పీచ్ పండ్లు. తలెత్తితే మేడ మీద ఒక ముసలమ్మ తాడు పట్టుకుని ఉంది. పెద్దావిడ ఆ పండును నన్ను అడక్కుండానే కొరికింది. తర్వాత ముసలమ్మ మనవడు దిగి వచ్చి ఇంటిదాకా తోడు వచ్చాడు. మీరెవరు, ఎక్కడివాళ్లు, కాగితాలేవి అని ఒక్కరూ అడగలేదు ఇస్సాక్. భయం తగ్గాక అదే తలచుకుంటున్నాను. ఒక ఊళ్లో తప్పిపోయి, ఎవరికీ చెందకుండా, ఒక పండు తిన్నాను. ఆ కాసేపూ నాకు ఎంత బాగుందో నీకు ఎలా రాయాలో తెలియడం లేదు.

ఇంటర్నెట్ ఆగి ఆగి వస్తోంది. సెలవు కదా, బాగుచేసేవాడు రాడట. ఇది చేరితే చేరినట్టు.

ఆపా


దమ్మామ్
ఆగస్టు 17

ఆపా,

రెండు ఉత్తరాలు పంపాను, నీకు చేరినట్టు గుర్తు కూడా రాలేదు. నీ ఫోన్ మోగడం లేదు. మేడమ్ ఫోన్ కూడా మోగడం లేదు. ఎవరికీ చెందకుండా బాగుంది అన్నావు. ఆ మాట రాసి మాయమయ్యావు. నేనేం అనుకోవాలి?

ఈరోజు భోజన్న వచ్చాడు. నేనేమీ చెప్పలేదు, నా మొహం చూసి ఆయనే అడిగాడు. లేదు, ఉత్తరం వచ్చింది అని అబద్ధం చెప్పాను.

అన్నం సయించడం లేదు. ఒక్క అక్షరం పంపు.

ఇస్సాక్


దమ్మామ్
ఆగస్టు 18

ఆపా,

ఇంకా ఏమీ రాలేదు. గేటు ముందు పోలీసు బండి ఆగింది. పక్కింటి పని మీద వచ్చారట. వాళ్లు వెళ్లిపోయేదాకా నేను కార్ల షెడ్డులో వెనక్కి నిలబడ్డాను. ఏ తప్పూ చేయనివాడిని, దాక్కున్నాను.

ఖాలిదా ఫోన్ చేస్తే ఎత్తలేదు. నన్ను ఇంటికి పంపేస్తే ఆ ఇల్లు ఎలా నడుస్తుందో నీకు తెలియనిది కాదు.

ఈ పూట కఫీల్ నంబరు కలిసింది. నీ మంచికే ఆయనకు ఒక చిన్న మాట రాశాను. పెద్ద విషయమేమీ కాదు. నువ్వు అక్కడే ఉంటే దానివల్ల నీకు ఏ నష్టమూ లేదు. నన్ను తప్పుగా అనుకోవద్దు.

తమ్ముడు


పలెర్మో
ఆగస్టు 21

ఇస్సాక్‌కు,

ఇంటర్నెట్ బాగుచేశాక నీ ఉత్తరాలన్నీ ఒకేసారి వచ్చాయి. మొదటివి చదువుతుంటే నీ మీద జాలేసింది. చివరిది చదవాల్సిన పని లేకపోయింది. అందులో నువ్వు దాచిన చిన్న మాట నాకు అప్పటికే తెలుసు.

ఆదివారం మధ్యాహ్నం అందరం అన్నానికి కూర్చున్నాం. కఫీల్ ఫోన్ చూసుకుంటూ ఆగిపోయాడు. నన్ను లేచి నిలబడమన్నాడు. నీ మెసేజి పైకి చదివాడు. ఆయన గట్టిగానే చదివాడు కాబట్టి నాకు ప్రతి మాటా వినపడింది. "బాబా, మా అక్క పాస్‌పోర్టు మీరే తీసుకోండి. ఆమె మనసు మారింది. ఏదైనా జరిగితే నా తప్పు లేదు." పిల్లల ముందు మెడలో సంచి తీసి ఆయన చేతిలో పెట్టాను. తాడు జుట్టుకు చిక్కుకుంటే మేడమ్ విడదీసింది.

నేను పెద్దావిడతో ఏం మాట్లాడుతున్నానో ఇప్పుడు చెప్తాను. దమ్మామ్ వెళ్లాక మన పాస్‌పోర్టులు మన దగ్గరే ఉండనివ్వమని అడిగాను. నాది, నీది, రెండూ. ఎవరైనా చచ్చిపోతే ఊరికి పోవడానికి కూడా ఇంకొకరి బీరువా తెరిపించుకోవాల్సిన బతుకు మనకు వద్దన్నాను. ఆమె మొదట చూద్దాంలే అంది. పదిహేనో తారీకు మేము దారి తప్పి వచ్చాక, నువ్వు అడిగింది న్యాయమే, నేను కొడుకుకు చెప్తాను అని నా తల మీద చేయి పెట్టి మాట ఇచ్చింది. మర్నాడే చెప్పింది. కఫీల్ కూడా ఆలోచిస్తాననే అన్నాడు. అంతకు ముందే సర్దార్ చిరునామాలు అడిగింది కూడా ఆమె చెప్పడం వల్లే, మన ఇంటివాళ్ల నంబర్లు తన దగ్గర ఉండాలని.

నీ మెసేజి చదివాక కఫీల్ తల్లి వైపు తిరిగి అన్నాడు. "చూశావా అమ్మా, ఈమె సొంత తమ్ముడే వద్దంటున్నాడు." ఆమె నన్ను ఒకటే అడిగింది, "అతను నీ తోడబుట్టినవాడేనా?" అని. అవునన్నాను. తర్వాత ఆమె నాతో మాట్లాడలేదు. ఇప్పుడు హోటల్ నుంచి వచ్చినవి నా వైపు చూడకుండానే తింటోంది.

బజారుకు నన్ను పంపడం లేదు. బయటికి వెళ్తే తలుపుకు తాళం వేసి వెళ్తున్నారు. నిన్న సుభాన్ కింద నిలబడి చేతులతో ఏమైందని అడిగాడు. నేను కిటికీ మూసేశాను. ఆయనతో మాట్లాడితే ఎవరు ఎవరికి రాస్తారోనని భయం.

పారిపోవాలని నాకు ఎప్పుడూ తోచలేదా అంటే, తోచింది. నీతో అబద్ధమెందుకు? తాళం వేశాక తోచింది. అంతకు ముందు రోజూ తలుపు తీసే ఉండేది, సంచి మెడలోనే ఉండేది, రోజాలియా అంగడి నాలుగు అడుగుల్లో ఉండేది. రోజూ ఇంటికే వచ్చాను.

నీ భయం నాకు తెలియనిది కాదు. నీ ఇల్లు, నీ ఇఖామా, నీ పిల్లలు. నా మీద నమ్మకం లేకపోతే నన్నే తిట్టి రాయాల్సింది. ఇన్నేళ్లూ ఆ ఇంట్లో అందరి దగ్గరా ఆచితూచి మాట్లాడి, నీ దగ్గరకు వచ్చి మనసు విప్పేదాన్ని. ఈ ఉత్తరం రాస్తూ కూడా ప్రతి వరుసా వెనక్కి వెళ్లి చదువుకుంటున్నాను, ఇది కఫీల్ చూస్తే ఏమవుతుందోనని. ఇప్పుడు నాకు ఆయనంటే ఎంత భయమో నువ్వన్నా అంతే భయం.

నీ ఇఖామా సంగతి ఆయనకు గుర్తు చేశాను. నిన్న చేశాడు.

శనివారం సాయంత్రం దమ్మామ్‌లో దిగుతాం. బండి నువ్వే తెస్తావు. నా పెట్టె నేను మోసుకుంటాను, నువ్వు కఫీల్ పెట్టెలు చూసుకో.

సుగ్రా